అందరి ముందర చెప్పిన మాట

పత్తిచేను గట్టు మీద నుంచి నన్ను తరగతి గదిలోకి తెచ్చి నిలబెట్టిన దేవునికి స్తోత్రం. ఇన్నేళ్లు నా నోటికి మాట, చేతికి పని ఇచ్చినవాడు ఆయనే. ఈ వారం ఆ నోటితోనే నేను ఒక తప్పు చేశాను కాబట్టి, ముందు ఆయనను స్తుతించి తర్వాత సంగతి చెబుతాను.

వనపర్తిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. సోమవారం నాలుగో పీరియడ్‌లో మూడో బెంచి పిల్ల నోట్సు మీద తల వాల్చి నిద్రపోయింది. "నిద్రపోనీకి బడికొస్తున్నవా? ఇంట్లనే పండుకోరాదూ!" అన్నాను. తరగతంతా నవ్వింది. మంగళవారం ఆ పిల్ల రాలేదు. బుధవారమూ రాలేదు. పక్కన కూర్చునే పిల్లను అడిగితే, "వాళ్లమ్మ దవాఖానల ఉన్నది మేడం. తెల్లారకముందే లేచి రొట్టెలు జేసి, దవాఖానకు ఇచ్చి, తమ్మున్ని తయారుజేసి వస్తది. ఇగ రానన్నది" అంది. నేను పొమ్మన్న చోటికే పోయింది పాపం. కుర్చీలో కూర్చున్నానన్న మాటే గానీ, ఆ రోజంతా నా కళ్ల ముందు మా చిన్నప్పటి లెక్కల సారే ఉన్నాడు.

మాది ఇటిక్యాల వైపు ఒక పల్లె. నాన్న బొంబాయిలో కట్టడం పనికి పోతే, అమ్మా నేనూ విత్తనపత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లం. ఆ పని తెలియనివారికి చెబుతాను. సాయంత్రం మొగ్గను గోటితో గిల్లి లోపలి పుప్పొడి భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. పదకొండు దాటితే పువ్వు పనికిరాదు. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని ఆడపిల్లలనే పిలిచేవారు. గిల్లీ గిల్లీ బొటనవేళ్లు చీలి, అన్నంలో కారం తగిలితే ప్రాణం పోయినట్టుండేది. అమ్మ తన ముద్దలోంచి కారం లేని వైపు తీసి నాకు పెట్టేది.

ఒక ఏడు మా బడికి కొత్తగా లెక్కల సారు వచ్చాడు. వేరే జిల్లా మనిషి. నుదుటిన విభూతి, చేతిలో చెక్క స్కేలు. పత్తిపూల సంగతి ఆయనకు తెలియదు. నేను పూల పని ముగించి పదకొండున్నరకు గుమ్మంలో నిలబడితే, "ఎన్ని రోజులు గిట్ల?" అన్నాడు. చెయ్యి పట్టమన్నాడు. రెండు దెబ్బలు సరిగ్గా చీలిన వేళ్ల మీదే పడ్డాయి. ఏడవలేదు. సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను. "సాలు తియ్ సదువు" అంది అమ్మ. నాకూ అదే న్యాయంగా తోచింది.

మూడో రోజు పొద్దున సైకిలు గట్టుకు ఆనించి, చెప్పులు విడిచి, ఆయన చేలోకి వచ్చాడు. పదిహేను మంది ఆడవాళ్లు పూలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది. ఆయన నా చేతులు చూపించమన్నాడు. చూశాడు. "తప్పు నాదమ్మా. అడగకుండ కొట్టిన" అన్నాడు.

"అయ్యో సారూ, గంత మాటెందుకు? సార్లు కొట్టకుంటె సదువెట్లొస్తది?" అంది అమ్మ.

"బడిల అందరి ముందర కొట్టిన. బడిల అందరి ముందరనే చెప్త. ఇననీకి ఈ పిల్ల రావాలె గదా."

"పొద్దుగాల రానీకి కాదు సారూ. పూలు ఒడిసేవరకు పదకొండు దాటుతది."

"పదకొండు దాటినంకనే చెప్త. అప్పటిదాంక ఆగుత."

అంతటితో పోతే అయిపోయేది. ఆయన ఒక మగపువ్వు తీసుకుని మా వరసలో రుద్దబోయాడు. నాలుగు పూలు విరిగాయి. మా ముసలి పెద్దమ్మ ఊరుకుంటుందా? "సారూ, నీకు దండం పెడ్త, నీ లెక్కలే నయం! మా చేను ఖరాబ్ జేయకు" అంది. చేనంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

అన్నట్టే చేశాడు. ఆదివారపు బడిలో నేను కంఠస్థం చేసి బహుమతి కూడా పొందిన వాక్యం ఒకటుంది: అర్పణ తెచ్చినవాడు, తన మీద సహోదరునికి విరోధముందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం ముందే విడిచి, ముందు పోయి అతనితో సమాధానపడాలని. దాని అర్థం నాకు తెలిసింది మాత్రం ఆ రోజు, మా సంఘానికి చెందని ఒక మనిషి నల్లబల్ల ముందు నిలబడి తల వంచినప్పుడు. ఆ పూలకాలమంతా లెక్కల పీరియడ్ మధ్యాహ్నానికి మారింది. స్కేలు ఆ తర్వాత గీతలు గీయడానికే పనికొచ్చింది. అమ్మ ప్రతి ఆదివారం వాన కోసం కంటే ముందు ఆయన కోసమే ప్రార్థించేది. ఆ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదు. నాతోపాటు బెంచి మీద కూర్చున్న పిల్ల ఇప్పుడు గద్వాల దవాఖానలో నర్సు. "సూది వెయ్యకముందు చెయ్యి సూస్తనే, సారు యాదికొస్తడు" అంటుంది.

ఈ సాయంత్రం మా మూడో బెంచి పిల్ల ఇంటికి పోయాను. వాళ్ల నాయనమ్మ కుర్చీ తుడిచి వేసింది. పిల్ల తలుపు చాటునే ఉంది. "తప్పు నాది బిడ్డా. రేపు అందరి ముందర చెప్త. ఇననీకి నువ్వు రావాలె" అన్నాను. నేను చెప్పులు వేసుకుంటుంటే, తలుపు వెనక నుంచి సన్నగా అడిగింది.

"ప్రేయర్లనే చెప్తరా మేడం? దవాఖానకు పోయొచ్చేవరకు నాకు రెండో పీరియడ్ అయితది."

"రెండో పీరియడ్ దాంక ఆగుత" అన్నాను. ఆ మాట నాది కాదని నాకు తెలుసు.

ఒక మనిషి పదకొండు దాటేదాకా ఆగినందుకు నాకు ఇన్నేళ్ల కాలం దొరికింది; రేపు ఆగవలసిన వంతు నాది. చదువుతున్న మీరూ ఒక్క క్షణం నాతోపాటు తల వంచండి. ఆ తల్లి మంచం దిగాలని, ఆ పిల్ల గుమ్మం దాటి లోపలికి రావాలని, అప్పటికి నా గొంతు పెగలాలని ప్రార్థించండి.