అద్దె గదిలో అమ్మానాన్నలు

ఆ కాలంలో గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పని దొరికినంత తేలిగ్గా, తల దాచుకోవడానికి గది దొరికేది కాదు. వానల్లేక మా దర్శి వైపు చేలన్నీ ఎండిపోయిన ఏడు నేనూ, మా వీధి అమ్మాయీ (మనిషి పొడుగని అందరూ నిచ్చెన అనేవాళ్ళు) బస్సెక్కి వచ్చేశాం. పనిలో పరిచయమైన కొత్తపట్నం పిన్ని, ముగ్గురం కలిసి ఉందామంది. సముద్రంలో చేపల వేట సాగక మొగుణ్ణి ఊళ్ళో వదిలి వచ్చిందామె. ఒకచోట గది చూస్తే ఇంటావిడ "కుటుంబానికైతేనే ఇస్తా" అంది. పిన్ని తడుముకోకుండా "వీళ్ళు నా కూతుళ్ళేనండి" అనేసింది. పిన్నికి అప్పటికి ముప్పై నిండలేదు. మాకు ఇరవై దగ్గర పడుతున్నాయి. (ఇంటావిడకు చూపు సరిగా ఆనదు. అదే మా ధైర్యం.)

ఇక నాకు కుదురు లేదు. తలుపు చప్పుడైతే చాలు, ఖాళీ చేయమంటారేమోనని ఉలిక్కిపడి లేచేదాన్ని. "మీ నాన్నేం చేస్తాడమ్మా?" అని ఇంటావిడ అడిగితే లారీ తోలతాడన్నాను. అదే మాట నిచ్చెనను అడిగితే దుబాయిలో ఉన్నాడందట. "మీరు నన్ను ఈ ఊళ్ళో ఉండనిచ్చేలా లేరే" అని పిన్ని తల పట్టుకుంది.

ఒక ఆదివారం పిన్ని నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఆమె మొగుడు ఎండుచేపల సంచీతో దిగాడు. బక్కపలచటి మనిషి. పెళ్ళాం పేరు చెప్పగానే ఇంటావిడ అందుకుంది.

"నువ్వేనా? పెళ్ళీడు కూతుళ్ళను ఊరుగాని ఊళ్ళో వదిలేసి తిరిగేది?"

పాపం, ఆయనకు పిల్లలే లేరు. బిత్తరపోయి మావైపు చూశాడు. నేను కళ్ళతోనే దణ్ణం పెట్టాను. "నాన్నా" అంది నిచ్చెన, ఆయనకన్నా జానెడు ఎత్తున నిలబడి.

ఆయన సంచీ చేయి మార్చుకుని, "చూసి శానా రోజులయింది. బాగా ఎదిగారు తల్లీ" అన్నాడు.

ఇంటావిడ మా ముగ్గురి వైపూ తిరిగింది. "నాకు కళ్ళు ఆనవుగానీ చెవులు బాగానే ఉన్నాయి. కన్నతల్లిని పొద్దస్తమానం పిన్నీ పిన్నీ అని పిలిచే కూతుళ్ళను నేనెక్కడా చూళ్ళేదు" అంది. నేను మూట కట్టుకోవడానికి గది వైపు కదిలాను. ఆవిడ మాత్రం ఆయన చేతిలో సంచీ అందుకుని, "వంకాయలున్నాయి, ఇందులో వేసి వండుతా. అందరూ ఇక్కడే తినండి" అంటూ లోపలికి నడిచింది.

ఇప్పుడు నా కూతురికి అప్పటి నా వయసే. దాన్ని చూసినప్పుడల్లా, ఆనాటి బెదురుచూపుల పిల్లను ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని "గది ఎక్కడికీ పోదులేవే, స్థిమితంగా తిను" అని చెప్పాలనిపిస్తుంది.