బోర్లా పెట్టిన ఫోను

రామసముద్రం దగ్గర మా ఊళ్ళో పాపక్క టమోటా కోతల మేస్త్రీ. పదిమంది ఆడవాళ్ళను ఆటోలో ఎక్కించుకుని తోటలకు తీసుకుపోతుంది. మగ మేస్త్రీల మధ్య ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆమె ఎంతమందితో నోరు చేసుకుందో పక్కింటిదాన్ని, నాకు తెలుసు. ఆ పెత్తనమంతా ఒక చిన్న బటన్ల ఫోన్ మీద నడిచేది. మదనపల్లె మార్కెట్లో రేటు బాగుంటే రైతు ఎల్లప్ప తెల్లవారకముందే ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. కోతకు రమ్మని దానర్థం. పాపక్క వెంటనే తన ఆడవాళ్ళకు తలా ఒక రింగు ఇస్తుంది. అందులో మాటలతో పనిలేదు, చదువుతో అసలే పనిలేదు.

కుప్పంలో కంపెనీ ఉద్యోగం చేసే కొడుకు మధుసూదన్‌కు ఆ ఫోన్ నామోషీ అనిపించింది. సెలవుకు వచ్చి, అరచేతిలో పట్టనంత పెద్ద ఫోన్ తెచ్చిచ్చాడు. దాంతో సినిమా కూడా తీయవచ్చట. మా వీధిలో సినిమా తీసేదెవరో నాకైతే అర్థం కాలేదు. అందులోని సౌకర్యాలన్నీ తనకు తోచినట్టు పెట్టి, పాతది పారేసి వెళ్ళిపోయాడు. కొడుకు ప్రేమగా తెచ్చాడని పాపక్క దాన్ని కళ్ళకద్దుకుంది. అద్దం మీద దుమ్ము పడుతుందని, పడుకునే ముందు మెత్తటి చీరముక్క పరిచి దానిమీద బోర్లా పెట్టేది. బోర్లిస్తే నోరు మూసుకునే ఫోన్ అది. ఆ సంగతి ఆమెకు చెప్పాలని కొడుక్కు తట్టలేదు.

మొదటిసారి ఎల్లప్ప ఇచ్చిన రింగు వినపడలేదు. తెల్లారాక తెలిసి పాపక్క తోటకు పరుగెత్తింది. అప్పటికే వేరే ఊరి కూలీలు కాయ కోస్తున్నారు. రెండోసారీ అట్లాగే అయ్యేసరికి ఎల్లప్ప ముఖం తిప్పుకున్నాడు. ఆమె భయపడి పుంగనూరులో ఫోన్లు బాగుచేసే ఇలియాస్ దగ్గరికి పోయింది. అతను చేతిలో పట్టుకుని పరీక్షిస్తే అంగడి అదిరేట్టు మోగింది. ఏ లోపమూ లేదని తిరిగిచ్చేశాడు.

"ఆడ మోగతాది, ఈడ మోగదు. నా సెవులే పొయినాయేమో అమ్మా" అంది నాతో. కొడుక్కు చెప్పమన్నాను. "అంత ఆశగా తెచ్చినాడు. బాగలేదని ఎట్ల సెప్పేది" అని తల దించుకుంది.

అప్పటినుంచి కోడి కూయకముందే లేచి, వసారాలో ఆ బోర్లా పెట్టిన ఫోన్ ముందు కాచుకుని కూర్చునేది. చూస్తే ఏడుపొచ్చేది. నాకూ అలాంటి ఫోన్ల సంగతి ఏం తెలుసని చెప్పను?

కూలి పోగొట్టుకున్న ఆడవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతారు? పాపక్క దగ్గర కోత నేర్చుకున్న మునీశ్వరి తన నంబరు ఎల్లప్పకు ఇచ్చింది. ఆటో ఆమె ఇంటి ముందు ఆగడం మొదలైంది. ఆమెను తప్పు పట్టలేం, అందరి ఇళ్ళలోనూ పొయ్యి వెలగాలి కదా.

మళ్ళీ సెలవుకు వచ్చిన మధుసూదన్ ఫోన్ బోర్లా ఉండడం చూసి పకపకా నవ్వాడు. "ఇట్ల పెడితే యాడ మోగతాది మా, ఇంతేనా?" అని ఒక్క వేలితో సరిచేసేశాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏమని తిట్టను, తల్లి మీద ప్రేమ లేనివాడా ఏమన్నా?

మర్నాడు తెల్లవారకముందే ఫోన్ మా ఇంటిదాకా వినపడేట్టు మోగింది. వసారాలో ఉన్న పాపక్క ఒక్క ఉదుటున అందుకుంది. కొడుకు సౌండు పెంచిపెట్టినట్టున్నాడు, అవతల గొంతు నాకూ వినపడింది. మునీశ్వరిది.

"అక్కా, ఎల్లప్ప తోటలో ఒక మనిషి తక్కువుండాది. కూలికి వస్తావా?"

పాపక్క లేచి దండెం మీది తలగుడ్డ తీసుకుంది.

"వస్తా మునీశ్వరీ. ఆటోలో నాకింత సోటు పెట్టు" అంది.