కుడివైపు మోత

మా మరదలు ఒక కారును నోటితో చంపింది. సుత్తి పట్టలేదు, నిప్పు పెట్టలేదు. ముందు సీట్లో కూర్చుని ఒక్క మాట అంది. దాంతో నిక్షేపంలాంటి బండి ముక్కలు ముక్కలై పోయింది.

సరే, చంపింది అనడం కొంచెం ఎక్కువే. దాని ఇంజను ఇప్పటికీ ఎక్కడో నీళ్లు తోడుతోందని విన్నాను. ఒక్క మాట అన్నదీ పూర్తిగా నిజం కాదు, చాలాసార్లే అంది. నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి ఒక దెబ్బ, సగం అబద్ధానికి రెండు దెబ్బలు వేసేవాళ్లు. అందుకే సగంలో ఆగే అలవాటు నాకు లేదు.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. బజారు చివర, మందుల షాపు పక్కన ఇరుకు గదిలో ఆమె కుట్టుమిషను ఉండేది. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేది. ఒళ్లొచ్చిన వాళ్ల ప్యాంట్లకు నడుము వదులు చేసేది. పనిలో ఉన్నంతసేపూ నోట్లో గుండుసూదులు ఉంటాయి కాబట్టి మాట తక్కువ. అందరూ ఆమెను నెమ్మదస్తురాలనుకునేవాళ్లు. సూదులు తీస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. మిషను తొక్కీ తొక్కీ ఆమె ఎడమ మోకాలు అరిగింది. బస్సు మెట్టు ఎక్కడం కష్టం. రోజూ మొగుడు కారులో దింపితేనే ఆమెకు కొట్టు, కొట్టుంటేనే ఆమెకు బతుకు.

ఆ మొగుడు, అంటే నా తోడల్లుడు, ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశాడు. లైన్లలో గరగర వస్తే కనిపెట్టే పని. ఆ పనికి వాళ్లకొక పద్ధతి ఉంది. అనుమానమున్న తీగలు ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు గోల ఆగిందో అదే దోషి. పిల్లాడు ఏడ్చినా, కుళాయి కారినా ఆయనది అదే పద్ధతి. ఏళ్ల తరబడి చెవికి హెడ్‌ఫోను బిగించుకోవడంతో ఆయన కుడి చెవి మందగించింది. ఆ సంగతి లోకానికి తెలియదని ఆయన నమ్మకం. లోకానికేమో గానీ, భార్యకు తెలుసు.

వాళ్ల పాత కారు ముందు చక్రాల దగ్గర లొడలొడమని మోత మొదలైంది. గతుకు వస్తే చాలు, డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుండేది. మెకానిక్ షాక్ అబ్జార్బర్లు మార్చాడు. కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వచ్చింది. ఇంకోసారి మార్చాడు. మళ్లీ వచ్చింది. ఇక లాభం లేదని నా తోడల్లుడు తన పద్ధతిలోకి దిగాడు. డిక్కీలోంచి స్టెప్నీ తీశాడు, జాకీ తీశాడు, చివరికి వెనక సీటు పీకి ఇంట్లో పడేశాడు. మోత ఆగలేదు. ఒక పొద్దున భార్య కొట్టు ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఆపాడు.

"ఇదిగో, ఓసారి దిగు."

"ఎందుకండీ?"

"దిగమంటే దిగు. టెస్టింగు."

ఆమె మోకాలు పట్టుకుని దిగింది. ఆయన బ్రేకర్ మీద నుంచి ముందుకు పోనిచ్చి, వెనక్కి తెచ్చాడు. చడీచప్పుడూ లేదు. మందుల షాపాయన బయటికొచ్చి, "ఏంటి సార్, దొరికిందా?" అన్నాడు.

"దొరికింది. ఇన్నాళ్లూ పక్కనే కూర్చోబెట్టుకుని ఎక్కడెక్కడో వెతికాను."

యూనిఫారాల కోసం వచ్చిన తల్లులు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు, తాళం తీసుకుని కొట్టులోకి పోయింది.

మెకానిక్ నచ్చజెప్పబోయాడు. "మనిషిది తప్పు కాదు సార్. ఎడమపక్క బరువు పడితే కొట్టుకునే పార్టు ఏదో ఉండుంటుంది."

"నువ్వు రెండుసార్లు మార్చావు, పోలేదు. నేను ఒక్క పార్టు దించాను, పోయింది. ఎవరి పని గొప్ప?"

మర్నాటి నుంచి ఆమె బస్సెక్కింది. ఆయన ఖాళీ కారులో బజారుకెళ్లి కూరలు తెచ్చుకునేవాడు. బస్టాపులో నిలబడ్డ భార్య ముందు నుంచే పోతూ, కిటికీ దించి, "వింటున్నావా, ఎంత హాయిగా పోతోందో" అనేవాడు.

స్కూళ్లు తెరిచే రోజుల్లో, పని ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆమె బస్సు మెట్టు మీద నుంచి పడింది. కుడి మణికట్టు విరిగింది. కుట్టాల్సిన బట్టల మూటలన్నీ వేరే టైలర్ల దగ్గరికి పోయాయి. నేనూ మా ఆవిడా ఆసుపత్రికి వెళ్లేసరికి ఆయన మంచం పక్కన కూర్చుని నారింజపండు వలుచుకుని తానే తింటున్నాడు.

"చూశారా అన్నగారూ, బస్సు కూడా మోయలేకపోయింది" అన్నాడు నాతో.

మా మరదలు కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ చిన్నగా నవ్వింది. తిరిగొచ్చే దారిలో మా ఆవిడ అంది: "అది అట్లా నవ్విందంటే మా మరిదికి మూడింది."

కొన్నాళ్లకు వేరే పని మీద బండి పైకెత్తినప్పుడు మెకానిక్‌కు ఎడమ చక్రం దగ్గర అరిగిపోయిన రబ్బరు బుష్ కనిపించింది. కొత్తది వేశాడు. పక్కన ఎవరు ఎక్కినా చప్పుడు లేదు. నా తోడల్లుడు ఇంటికొచ్చి క్షమాపణ చెప్పలేదు. "ఇక నువ్వు ఎక్కొచ్చు" అన్నాడు, జైలు తలుపు తీసినవాడిలా.

ఆమె ఎక్కింది. మొదటి గతుకు దాటింది. రెండో గతుకు దగ్గర తల పక్కకు వంచింది.

"ఏవండీ, వస్తోంది."

"ఏది?"

"అదే, మోత. ఈసారి మీవైపు, కుడి చక్రం దగ్గర. మీకు వినిపించడం లేదా?"

అక్కడ చేశాడు ఆయన తప్పు. వినిపించడం లేదంటే చెవి సంగతి బయటపడుతుంది. గరగరలు పట్టుకుని జీతం తిన్న మనిషి. "ఎందుకు వినిపించదు? నీకంటే ముందే విన్నాను" అన్నాడు.

మెకానిక్ గంటసేపు తిప్పి చూసి, ఏమీ లేదన్నాడు.

"నీకు వినిపించలేదేమో బాబూ, ఆయనకి వినిపిస్తోంది" అంది మా మరదలు.

ఆయన గట్టిగా తలూపాడు.

అప్పటి నుంచి మొదలైంది ఊడదీత. కుడి తలుపు పోయింది. తర్వాత ఎడమది. డిక్కీ మూత, డ్యాష్‌బోర్డు, పక్క సీటు. తీసిన ప్రతిసారీ ఎండలో బ్రేకర్ మీద తిప్పడం, ఆమె కొట్టు గుమ్మంలో కళ్లు మూసుకుని వినడం.

"ఆగిందా?"

"కొంచెం తగ్గిందండీ. ఇంకోసారి పోనివ్వండి. అయ్యో, మళ్లీ వచ్చింది."

చివరికి డ్రైవరు సీటు కూడా పీకేసి, వంటింటి పీట వేసుకుని నడిపాడు. చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది. మందుల షాపాయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. "సార్, పులుసులో ముక్కలు ఏరినట్టు ఏరేశారు, ఇంకేం మిగిలింది?" అన్నాడు. ఆ రోజుల్లో ఆయనకు అన్నం తింటుంటే మోత, నిద్రపోతుంటే మోత. లేని చప్పుడు కోసం మందమైన చెవిని తిప్పుకుంటూ తిరిగేవాడు. చిక్కి సగమయ్యాడు.

ఒకనాడు ఆమె బండి దగ్గరికెళ్లి మెత్తగా అంది: "ఇక తీయడానికి మీరే మిగిలారండీ. ఓసారి దిగండి."

ఆయన దిగాడు. పీట ఒక్కటే మిగిలిన బండి రోడ్డు మధ్య నిలబడింది. ఆమె చాలాసేపు విని, "ఆగింది" అంది.

చూడ్డానికి చేరిన అంతమందిలో ఒక్కడూ నవ్వలేదు. ఆయన మళ్లీ బండి ముట్టుకోలేదు. పాత సామాన్ల వాళ్లు వచ్చి ముక్కలుగా పట్టుకుపోయారు. ఇంట్లో ఖాళీ అయిన కారు షెడ్డులోకి ఆమె తన మిషను తెచ్చుకుంది. బస్సు బాధ తప్పింది. ఇంట్లో పడున్న వెనక సీటు ఇప్పుడు బట్టలిచ్చేవాళ్లకు బెంచీ. దాని మూలన కూర్చుని నా తోడల్లుడు చొక్కాలకు గుండీలు కుడుతుంటాడు. అప్పుడప్పుడూ ఆమె మిషను ఆపి, "విన్నారా?" అంటుంది. ఆయన దారం వంక చూస్తూ, "ఆఁ, విన్నాను" అంటాడు.

ఇదంతా రాసి మొన్న ఆమెకే చదివి వినిపించాను. చివరిదాకా విని నోట్లో సూదులు తీసింది.

"బావగారూ, మీకు పెద్దతనం వచ్చి ఏవేవో కల్పిస్తున్నారు. నేనలాంటిదేమీ చెయ్యలేదు. మోత నిజంగానే ఉంది. ఆయన కూడా విన్నారు, అడగండి."