అతిథులకు వేరే వైఫై

"కెమెరా దానంతట అది తల తిప్పింది బాబాయ్. పాపకి బట్టలు మారుస్తుంటే మా వైపే చూసింది."

ఫోనులో నేనన్న మొదటి మాట అదే. పలకరింపు కూడా మరిచిపోయాను. అవతల ఉన్నది స్పాస్. బల్గేరియాలో, ప్లోవ్‌దివ్ నగరంలో మా పేటలో రౌటర్లు సరిచేసే మనిషి, అరవై దాటాయి. తీగ పీకెయ్, వస్తున్నానన్నాడు.

అంతకు మూడు రోజుల ముందే మా ఆయన ట్రిఫోన్ పేరు పండగ, అంటే అతని పేరున్న పునీతుడి రోజు. ఆ రోజు ఎవరినీ పిలవం. తెలిసినవాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే వస్తారు. నలభై మంది దాకా వచ్చారు, సగం మంది మా బ్లాకువాళ్ళే. వైఫై పాస్‌వర్డు చీటీ ఫ్రిజ్ మీదే ఉంది. పాప ఉయ్యాల దగ్గర పెట్టిన కెమెరాకి మాత్రం కంపెనీ పెట్టిన పాస్‌వర్డే వదిలేశాను, భౌతికశాస్త్రం చదువుకుని కూడా.

స్పాస్ రెండు పాస్‌వర్డులూ మార్చి, రౌటరులో అతిథులకని విడిగా ఒక నెట్‌వర్క్ తెరిచాడు. అందులో చేరినవాళ్ళకి ఇంటర్నెట్ వస్తుంది, అంతే. మా కెమెరా కనబడదు. వాళ్ళలో వాళ్ళు కూడా ఒకరికొకరు కనబడరు. ట్రిఫోన్ మొహం మాడ్చుకున్నాడు.

"వచ్చినవాళ్ళకి వేరే వైఫై అంటే వేరే కంచంలో పెట్టినట్టే కదా బాబాయ్."

"నీ చుట్టాలు ఉయ్యాల్లో పడుకోడానికొచ్చారట్రా?" అన్నాడు స్పాస్, తలెత్తకుండా.

పని చేస్తూనే తన సంగతి చెప్పాడు. ఒకప్పుడు బ్లాకుల పైకప్పుల మీదుగా తీగలు లాగి పేటంతటినీ ఒకే నెట్‌వర్క్ చేసింది తనేనట. ఒకరి దగ్గరున్న సినిమా అందరూ చూసేవారు. తీగ తెగితే నిచ్చెన పట్టడానికి పదిమంది దిగేవారు. తన పేరు పండగకి బల్లలు చాలక తలుపు ఊడదీసి పరిచేవాడట. తర్వాత పెద్ద కంపెనీలు వచ్చి ఆ తీగలు కత్తిరించేశాయి. ఇప్పుడు రోజంతా ఇంటింటికీ తిరిగి ఒకరికొకరు కనబడకుండా చేయడమే తన పని.

పాపని చూసిందెవరో రౌటరులో దొరకలేదు. కెమెరాని ఎవరు తెరిచారో అది రాసిపెట్టుకోదట. అయినా నాకు నిద్ర పట్టేది కాదు. మే నెలాఖరులో స్పాస్ పేరు పండగ వచ్చింది. మరోసారి అడుగుదామని కేకు పట్టుకుని వెళ్ళాను.

తలుపు బార్లా తీసి ఉంది. బల్ల మీద గొర్రె మాంసం చల్లారి, కొవ్వు తెల్లగా పేరుకుంది. గోడ మీద అతిథుల పాస్‌వర్డు, కళ్ళజోడు లేకపోయినా కనబడేంత పెద్ద అక్షరాల్లో. తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్‌లో చేరినవాళ్ళ సంఖ్య సున్నా. నా ఫోను చేర్చాను. ఒకటైంది.

అతను ఆ అంకె వైపు కాసేపు చూశాడు. నేను అడగాల్సింది అడిగాను.

"తెలీదమ్మాయ్. ఎప్పటికీ తెలీదు. వాళ్ళు ఆ వీడియో దాచుకునుంటే వెనక్కి తేలేం కూడా." నా పళ్ళెంలో మాంసం వేశాడు. "ఇకమీదట ఎవరొచ్చినా అతిథులదే ఇవ్వు. నాక్కూడా."

అతనొచ్చినప్పుడు కూడా అదే ఇస్తున్నాను.