నాటుకు దిగిన రబ్బర్ పాదం

నిన్న పొద్దున చాయ్ పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది. సైమన్ అన్న కూతురు.

"అత్తా, నాయిన పోయిండు" అంది.

స్టవ్ మీద చాయ్ పొంగిపోయింది. చూస్తూనే నిలబడ్డాను.

మొన్న ఆదివారమే కదా మాట్లాడాను. "మోకాలు గుంజుతాందా? బెల్ట్ జర లూజ్ చేసుకో" అన్నాడు. ఎనభై దాటాక కూడా ఫోన్‌లో ఆయన మొదట అడిగేది నా కాలి గురించే.

మన వాట్సాప్ గ్రూప్‌లో పిల్లలకు సైమన్ అన్న ఎవరో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు పదిహేనేళ్లప్పుడు ఎడ్లబండి చక్రం కింద పడి ఎడమ కాలు నలిగింది. డెబ్బైల చివరి సంగతి. ఆపరేషన్ చేసి మోకాలి కింద నుంచి తీసేశారు. కొన్నాళ్లకు ఒక చెక్క కాలు ఇచ్చారు. దాని చివర బూటు బిగించి ఉంది. మంచి నల్ల బూటు, పాలిష్ చేసి మరీ ఇచ్చారు.

తొర్రూరు పక్కన మా పల్లెలో బూటేసుకుని ఇంట్లోకి ఎవరొస్తారు?

మా నాయనమ్మ గడప దగ్గరే ఆపేసింది. "కాలైతే ఏంది, కింద బూటున్నది గదా. బయట ఇడిచి రా బిడ్డా" అంది.

నాకూ అది సబబే అనిపించింది. రోజూ కాలు విప్పి చెప్పుల పక్కన నిలబెట్టి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ లోపలికి వెళ్లేదాన్ని. కుక్క ఎత్తుకుపోతుందని దానికి తాడు కూడా కట్టాం. నవ్వకండి. అప్పుడు మాకు అది మామూలే.

ఇక పొలం సంగతి చెప్పక్కర్లేదు. బూటుతో మడిలోకి ఎవరు దిగనిస్తారు?

ఇంట్లో కూర్చుని చేసుకునే పని అని నాయనమ్మ బీడీల చాట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాకేమో అమ్మ పక్కన వరి నాటు వరసలో నిలబడాలని ఉండేది. నా ఈడు పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఆ వరసలో లేకపోతే ఊళ్లో నేను లేనట్టే అనిపించేది.

అప్పుడొచ్చాడు సైమన్ అన్న.

ఆయన అసలు పని గిన్నెలది. మనం సిల్వర్ అంటామే, ఆ అల్యూమినియం గిన్నెలకు వరంగల్‌లో సొట్టలు తీసేవాడు. ఆ చేతిపని చూసి ఒక క్రైస్తవ మిషన్ దవాఖాన వాళ్లు పిలిచారు. జైపూర్ వైపు కొత్తగా వచ్చిన రబ్బర్ పాదం పని నేర్పించారు. అల్యూమినియం రేకును సుత్తెతో కొట్టి పిక్కలా చెయ్యాలి, దాని కింద వేళ్లతో సహా రబ్బర్ పాదం బిగించాలి.

అంతకుముందు ఆ దవాఖానలో చెక్క కాళ్లు తీసుకున్నవాళ్లు ఎట్లా నడుస్తున్నారో చూసి రమ్మని ఆయన్ని ఊళ్లకు పంపారు. మా వాకిట్లో చెప్పుల మధ్య తాడుతో కట్టేసిన కాలిని చూసి అక్కడే కూలబడ్డాడు. ముందు నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"చెల్లె, నీది తప్పు కాదు, ముసలమ్మది తప్పు కాదు. ఇంట్ల గూడ బూటు ఇడువనోళ్లు చేసిన కాలిది. నీకు నేను ఉత్త కాలు చేసిస్త, ఫికర్ చేయకు" అన్నాడు.

నెల తిరగకముందే తెచ్చాడు. రంగు నాకంటే తెలుపు. నాయనమ్మ దాని వేళ్లు ఒక్కొక్కటీ లాగి చూసి, "గోర్లు గూడ ఉన్నయ్. ఇగ రా లోపలికి" అంది.

నాట్లు మొదలయ్యాయి. మడిలో నాలుగడుగులు వేశానో లేదో, బురద పట్టేసింది. నేను వెనక్కి పడ్డాను. కాలు మాత్రం మడిలో నిలబడే ఉంది.

ఆడవాళ్లు నవ్వు వచ్చి ఆపుకున్నారు. నవ్వినా బాగుండేది, ఆపుకున్నారే అని ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి కాలిని మూలకు విసిరేసి, బీడీల చాట ముందేసుకున్నాను.

కబురందగానే సైమన్ అన్న బస్సెక్కి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి మడిలో దిగాడు. నాటేస్తున్న ఆడవాళ్ల కాళ్లే చూస్తూ గంటసేపు నిలబడ్డాడు.

"ఏందయ్యా, మా కాళ్లల్ల ఏం దొరుకుతాంది?" అని మల్లమ్మ అత్త అడిగింది.

"బురదల నుంచి కాలు ఎట్ల తీస్తాండ్రో చూస్తాన అక్కా. జర మెల్లగ తీయుండ్రి" అన్నాడు సీరియస్‌గా. మడంతా నవ్వులే.

రోడ్డు మీద కాలిని కిందికి నొక్కుతాం. బురదలో పైకి లాగుతాం. రోడ్డు మీద సరిపోయిన పట్టు ఆ లాగుడుకు చాలదు. ఆయన కనిపెట్టింది ఇదే. గట్టు మీద కూర్చుని, మోకాలి పైన బిగించుకునేలా ఒక తోలు బెల్ట్ అక్కడికక్కడే కుట్టాడు.

"మడిమ ముందు లేపు. నన్ను చూడకు, నారును చూడు" అన్నాడు.

దిగాను.

మొదటి అడుగు. రెండో అడుగు. కాలు నాతోనే వచ్చింది.

మా అమ్మ పక్కకు జరిగి వరసలో చోటిచ్చింది. నారు కట్ట చేతికిచ్చింది.

తర్వాత రేకు పోయి ప్లాస్టిక్ వచ్చింది. ఇప్పుడు వేసుకున్నదైతే బరువే తెలియదు. ఎన్ని కాళ్లు మార్చానో, ఎన్ని ఎకరాలు నాటానో నాకే గుర్తులేదు. మంచిగానే బతికాను. కానీ నిన్నటి నుంచి ఆ మొదటి రోజు సాయంత్రమే కళ్ల ముందు తిరుగుతోంది.

నాటు అయిపోయింది. "అయ్యో బిడ్డ, ఎంత మంచిగ నాటింది" అని అందరూ అంటున్నారు. సైమన్ అన్న గట్టు మీద నిలబడి నా వరస చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కాలు మంచిగనే ఉన్నది. నాటే వంకర పోయింది. రేపన్న సక్కగ వెయ్యి" అన్నాడు.

కాలు పోయాక నా పనికి వంక పెట్టిన మొదటి మనిషి ఆయనే. అప్పటిదాకా అందరూ నన్ను చూసి అయ్యో పాపం అన్నవాళ్లే. ఆ మాటకు నాకెంత సంతోషమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మర్నాడు సక్కగా వేశాను.

పోయిరా అన్నా. ఎందరినో నడిపించి అలసిపోయావు, ఇక కాళ్లు చాపుకుని పడుకో. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీకు చల్లగా ఉండాలి.