తలుపు మీద నాడ

నా ఉద్యోగం గురించి నాకంటే ఎక్కువ గొప్పలు చెప్పుకున్నది మా నాయిన. వనపర్తిలో పాన్‌గల్ పోయే రోడ్డు మీద ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. ట్రాక్టర్ ట్రాలీలు, ఇంటి గేట్లు, బోరు మోటార్ల స్టాండ్లు చేస్తాడు. నేను హైదరాబాదు బయట ఒక కంపెనీలో పోలీసు బలగాల కోసం తేలికపాటి కవచ వాహనాలు డిజైన్ చేస్తాను. కింద మందుపాతర పేలినా, పక్క నుంచి తుపాకీ పేలినా లోపల కూర్చున్నవాళ్ళు బతికి ఇంటికి రావాలి. నా చదువూ నా జీతమూ అన్నీ ఆ ఒక్క మాట కోసమే. షాపుకు ఏ రైతు విరిగిన ట్రాలీ తెచ్చినా సరే, "మా బిడ్డ తూటా తగలని బండి చేస్తది" అని చెప్పనిదే నాయిన వెల్డింగ్ రాడ్డు పట్టేవాడు కాదు. తగలకపోవడం కాదు నాయినా, తగిలినా లోపలికి రాకపోవడం అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాడు కాదు.

మా బావ, అంటే అక్క మొగుడు, అలాంటి ఒక బలగంలోనే డ్రైవరు. మేం చేసిన బండ్లు వాళ్ళ క్యాంపుకు వస్తున్నాయని తెలిసిన రోజు నుంచి నన్ను పట్టుకుని ఏడిపించడమే ఆయన పని. బండి సరిగ్గా చేయకపోతే దయ్యమై నా మీదికే వస్తానని, అక్కను జీవితాంతం నేనే సాకాలని అనేవాడు. అక్క గరిటె పట్టుకుని లేచేది. నాకు మాత్రం ఆ పరాచికం నవ్వు తెప్పించేది కాదు. మిగతా బండ్లలో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. ఆ ఒక్క బండిలో ఎవరు కూర్చుంటారో బాగా తెలుసు.

ఒక ఆదివారం అన్నం తింటూ నాయినకూ బావకూ బండి సంగతంతా విప్పి చెప్పాను. అడుగు భాగం పడవ అడుగులా ఉంటుంది, పేలుడు దెబ్బ నేరుగా పైకి రాకుండా రెండు పక్కలకూ జారిపోతుంది. సీట్లు నేలకు బిగించం, పైకప్పు నుంచి వేలాడదీస్తాం, నేల ఎగిరి తన్నినా నడుము విరగదు. తలుపుల ఉక్కు మామూలు ఉక్కు కాదు, కొలిచి కాల్చి, కొలిచి చల్లార్చి గట్టిపరిచినది. బండి తేలికగా ఉండాలి, వాగు ఇసుకలో దిగబడకూడదు. అందుకే ఏ రేకూ కావలసినదానికంటే వెంట్రుకంత కూడా ఎక్కువ మందం ఉండదు. ఈ చివరి మాట నాయినకు నచ్చలేదు. ఇనుము మందంగా ఉంటేనే ఇనుము అని ఆయన నమ్మకం. ఇంత సన్నటి తలుపు వెనక అల్లుణ్ణి ఎట్లా కూర్చోబెడతావని అడిగాడు. లెక్కలన్నీ చూసుకునే చేశామని చెప్పాను. ఊఁ అని పెరుగన్నం కలుపుకున్నాడు.

బండ్లు వచ్చిన కొన్నాళ్ళకు, తలుపు కీలు బిగుసుకుంటోందని ఫిర్యాదు వస్తే చూడటానికి నాగర్‌కర్నూల్ క్యాంపుకు వెళ్ళాను. బావ బండి వరసలో మొదట ఉంది. దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, డ్రైవరు తలుపు మీద, అద్దానికి జానెడు కింద, గుర్రపు నాడ. తగిలించింది కాదు, వెల్డింగ్ చేసి అతికించింది. చుట్టూ వెల్డింగ్ రాడ్డు మరకలు, వాటి మీద పచ్చ రంగు. వేలితో తడిమి చూశాను, కల కాదు.

మా వైపు కొత్త బండికి నాడ కొట్టించడం అందరికీ అలవాటే. హిందువులని లేదు, ముస్లింలని లేదు, లారీకైనా ఆటోకైనా ఉండాల్సిందే. అది కూడా గుర్రం కాలికి వాడి అరిగిపోయిన నాడ అయితేనే పని చేస్తుందంటారు. బావ నా మొహం చూసి, నేను మెచ్చుకుంటున్నాననుకున్నాడో ఏమో, సంబరంగా చెప్పాడు. ఎవరు చేశారో ఆ రాడ్డు మరకలు చూస్తేనే నాకు తెలిసిపోయింది. అయినా ఆ మాట ఆయన నోటి నుంచి వినేదాకా నమ్మలేకపోయాను.

"బండి షాపు కాడికి తీస్కపోతె మామనే పెట్టిండు. గద్వాల దాంక పోయి, పెండ్లి బరాత్ గుర్రాలాయన కాడ అడిగి తెచ్చిండు."

అక్కడే, అంతమంది జవాన్ల ముందే, నేను బావ మీద విరుచుకుపడ్డాను. ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు, మంచి మాటలైతే కావు. గట్టిపరిచిన ఉక్కుకు మామూలు వెల్డింగ్ సెగ తగిలితే ఆ చుట్టుపక్కల మెత్తబడిపోతుంది. పదును పెట్టిన కొడవలిని మళ్ళీ కొలిమిలో పెట్టి వదిలేస్తే ఎందుకు పనికొస్తుంది? అదీ ఎక్కడ పెట్టాడు, సరిగ్గా బావ రొమ్ముకు ఎదురుగా. ఆ బండిని కదలనివ్వొద్దని క్యాంపు ఆఫీసరుతో చెప్పి, కొత్త తలుపు పంపమని కంపెనీకి ఫోన్ చేసి, అదే ఊపులో బస్సెక్కి వనపర్తి వచ్చాను.

నాయిన నా కోపం చూసి బిత్తరపోయాడు గానీ ఒప్పుకోలేదు. బతుకంతా విరిగిన ఇనుమును అతికించి బలం తెచ్చిన మనిషి. ఆయన చేతి అతుకు పడ్డ ట్రాలీ మళ్ళీ అక్కడ విరిగిందని ఎవరూ తిరిగి రాలేదు. ఆ సన్నటి తలుపుకు నాడ పెడితే దేవుడి అండతోపాటు ఇనుము బలం కూడా వస్తుందని ఆయన లెక్క. "అతుకు ఏస్తె బలమొస్తది గని పోతదా బిడ్డా" అని, నేనేదో చిన్నపిల్లనైనట్టు నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూపిస్తానుండు అన్నాను.

విప్పిన తలుపును కాల్పుల పరీక్షకు పంపాం. ఆ రోజు నేనూ వెళ్ళాను. తలుపు వెనక డ్రైవరు కూర్చునే చోట పలుచటి అల్యూమినియం రేకు నిలబెట్టారు, తూటా లోపలికి వస్తే దాని మీద తెలుస్తుంది. మొదట నాడకు దూరంగా కాల్చారు. తలుపు మీద సొట్ట పడింది, అంతే. వెనక రేకు మీద గీత కూడా లేదు. తరువాత నాడ అంచు పక్కన కాల్చారు. దగ్గరికి వెళ్ళి చూస్తే తలుపుకు బొక్క, దాని వెనక రేకుకు బొక్క, దాని వెనక గోడ మీద మచ్చ. ఇదే జరుగుతుందని తెలిసే కదా వచ్చాను, చదువుకున్నది అదే కదా. బావ ఆ తలుపు వెనక కూర్చుని ఎన్నిసార్లు అడవిలోకి వెళ్ళివచ్చాడో. అక్క ముఖం కళ్ళ ముందు మెదిలింది.

ఆ తలుపు ముక్కను కోయించి, అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చాను. నాయిన చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. చిటికెన వేలు ఆ బొక్కలో పెట్టాడు. అది అటు వైపు బయటికి వచ్చింది. అన్నం పెట్టమంటావా అని అమ్మ అడిగితే వద్దన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇంకో బండి ఉండె బిడ్డా. అల్లునితోని గా దినం ఇంకో బండొచ్చింది. దానికి గూడ పెట్టిన."

పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో బండి డ్రైవరు రాయచూరు వైపు కుర్రాడట, కన్నడం కలిపి మాట్లాడతాడట. బావ బండికి నాడ పెట్టడం చూసి తనకూ కావాలని అడిగితే, షాపు గుమ్మానికి ఉన్న నాడ ఊడదీసి మరీ అతికించాడట నాయిన. కన్నవాళ్ళకు దూరంగా ఉన్న పిల్లవాడు, పోనీలే అనుకున్నాడట. బావకు ఫోన్ చేస్తే, ఆ కుర్రాడి జట్టు అప్పటికే సరిహద్దు దాటి పక్క రాష్ట్రం అడవుల్లోకి వెళ్ళిపోయిందని చెప్పాడు.

ఆ నిమిషమే ఆఫీసులో చెప్పాను. ఏ బండి మీదైనా ఏదైనా అతికించి ఉందేమో చూడమని అన్ని క్యాంపులకూ కబురు వెళ్ళింది. ఎక్కడా ఏమీ లేదని జవాబు వచ్చింది. ఎలా లేకుండా పోతుంది? మళ్ళీ బావనే అడిగాను. ఆయన కాసేపు నసిగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. బండికి ఏదైనా అతికించినవాళ్ళ మీద చర్య తీసుకుంటామని ఆ కబురులోనే ఉందట. ఇంకేముంది, నాడలు, నీళ్ళ డబ్బాల కొక్కాలు, జెండా గొట్టాలు, ఎవరు ఏది పెట్టించుకుంటే అది గ్రైండర్‌తో కోసి రంగు కొట్టేశారు.

"నౌకరి పోతదని భయం మరదలా. ఎవడన్న ఒప్పుకుంటడా?"

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాను. నాడ తీసేస్తే మెత్తబడ్డ ఉక్కు మళ్ళీ గట్టిపడుతుందా? నాడ ఉన్నప్పుడు కనీసం ఎక్కడ చెడిందో కనబడేది. ఇప్పుడు పైన నున్నటి రంగు, దాని వెనక మనిషి. చేతి మిషన్‌తో ప్రతి తలుపు గట్టిదనం కొలవాలని పై వాళ్ళతో పోట్లాడాను. కొలుద్దాం, బండ్లు తిరిగి రానీ అన్నారు. అంతదాకా ఆ పిల్లవాడు బతికి ఉండాలి కదా అని అరిచాను. నాయిన షాపు తెరవడం మానేశాడు. ఎప్పుడు చూసినా ఫోన్ పక్కన పెట్టుకుని, బావ ఫోన్ ఏమన్నా చేసిండా అని అదే మాట. నాకు పాపం అనిపించేది, మళ్ళీ కోపమూ వచ్చేది.

చివరికి ఒక రోజు బావే కబురు చెప్పాడు. ఆ జట్టు వెనక్కి వస్తోంది, రేపు పొద్దున తెలకపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్తుంది. నేను మిషన్ సంచిలో పెట్టుకున్నాను. నాయిన చెప్పులు వేసుకుని నాకంటే ముందే వాకిట్లో నిలబడ్డాడు. తెలకపల్లి హోటల్ దగ్గర బండ్లు చాయ్‌కి ఆగుతాయి, అక్కడ ఆఫీసరును కలిసి నెమ్మదిగా చెబుదామని నా ఆలోచన. దారంతా ఆయనకు అదే నూరిపోశాను, సరే సరే అన్నాడు.

బండ్లు దూరంగా కనబడగానే సరే అన్న మనిషి నా పక్కన లేడు. రోడ్డు మధ్యలో చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు. మొదటి బండి కీచుమని ఆగింది. వెనక బండి మీది తుపాకీ ఆయన వైపు తిరిగింది. ఇద్దరు జవాన్లు దూకి గురిపెట్టారు. నేను రెండు చేతులూ పైకెత్తి, మా నాయిన సార్, మా నాయిన అని అరుస్తూ పరిగెత్తాను.

నాయిన తుపాకుల వైపు చూడనే లేదు. మొదటి బండి డ్రైవరు ముఖంలోకి చూసి, వీడే బిడ్డా అన్నాడు. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. ఆయన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాడు. పక్క సీట్లోంచి ఆఫీసరు దిగివచ్చాడు. నేను ఎవరో చెప్పి, గబగబా సంగతంతా చెప్పాను. ఆయన డ్రైవరును దించి, ఇది నిజమా అని అడిగాడు. కుర్రాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నాయిన ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఆ పిల్లగాడు అడగలే సార్. వాడు చాయ్ తాగవోతే నేనే అతికిచ్చిన. ఏమన్న అంటే నన్ను అనుండ్రి."

నా ఎరుకలో మా నాయిన అబద్ధమాడటం అదే మొదలు. నేను నోరు మూసుకున్నాను. ఆ కుర్రాడు మాత్రం మూసుకోలేదు. లేదు సార్, నేనే అడిగి పెట్టించుకున్నాను, నేనే కోసి రంగు కొట్టాను అని చెప్పేశాడు. నాయిన చేయి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, కన్నడంలో ఇల్లే అజ్జా, ఇక్కడే తాతా అని ఆ చోట ఆనించాడు. నేను మిషన్ పెట్టి చూశాను. తలుపంతా బాగానే ఉన్న అంకె అక్కడికి వచ్చేసరికి దిగజారిపోయింది. అది సరిగ్గా అతని గుండె ఎత్తులో ఉంది.

ఆఫీసరు నన్ను బండి అటు వైపుకు తీసుకెళ్ళాడు. ఎడమ తలుపు మీద మూడు సొట్టలు ఉన్నాయి. పోయిన నెల అడవిలో కాల్పులు జరిగాయట, ఆయన ఆ తలుపు వెనకే కూర్చున్నాడట. మూడింటిలో ఒక్కటీ లోపలికి రాలేదు. నేను గీసిన తలుపు ఒక మనిషిని కాపాడింది. కానీ సంతోషించడం నా వల్ల కాలేదు. బండికి కుడి పక్కన ఏముందో అప్పుడే కొలిచి వచ్చాను కదా.

మా వెనకే వచ్చిన నాయిన ఆ సొట్టలు చూశాడు. ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమాడు. అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు.

"ఇవి ఆ దిక్కు తగిలుంటే బిడ్డా?"

ఆ కుర్రాడు వచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చుని, భుజం మీద చేయి వేశాడు.

"తగల్లే గదా అజ్జా," అన్నాడు. "లే, చాయ్ తాగుదాం."