అన్నిటికీ సరే

ఆ వీధిలో అందరూ ఆయన్ని సరే మామయ్య అనేవారు. సెలూన్ బోర్డు మీద వేరే పేరు ఉండేదిగానీ, అది చదివే ఓపిక ఎవరికుంది? ముందు నాకు కటింగ్ చేయి మామయ్యా అంటే సరే. కాదు, ముందు నాకు అని ఇంకొకడంటే వాడికీ సరే. ఆ ఇద్దరూ కుర్చీ కోసం వాదులాడుకుంటుంటే, ఈయన దువ్వెన చేత్తో పట్టుకుని తప్పు చేసినవాడిలా పక్కన నిలబడేవాడు. నోట్లో నాలుక లేని మనిషి ఆయన.

భార్యకు ఆ లోటు లేదు. "ఎవరేమడిగినా గంగిరెద్దులా తలూపడమేనా? మీ నోట 'వద్దు' అన్న మాట ఒక్కసారి వింటే చాలు నాకు" అని దెప్పేది. దానికీ ఆయన సరే అనేవాడు. ఇక ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, నవ్వేది.

ఆ కెమెరా కూడా సరేతో వచ్చిందే. ఒక బ్యాంకు గుమాస్తా కొత్త ఫోన్ కొనుక్కుని, పాత డిజిటల్ కెమెరా ఇంట్లో అడ్డంగా ఉంది, తీసుకుంటావా అన్నాడు. తీసుకున్నాడు. తీసుకున్నాక దాంతో ఏం చేయాలో తెలియక, కటింగుకొచ్చిన పిల్లల్ని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి పిల్లాణ్ణి కూర్చోబెట్టేవాడు. కత్తెర చప్పుడు వింటే చాలు, పిల్లలు కొంప మునిగినట్టు ఏడుస్తారు. అప్పుడు భార్య వచ్చి గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి, "నీ నెత్తిమీద పిట్ట వాలిందిరా, కదిలితే ఎగిరిపోతుంది" అనేది. పిల్లాడు ఊపిరి బిగబట్టి అద్దంలో పిట్టను వెతుక్కునేవాడు. ఆ క్షణంలో మామయ్య కెమెరా నొక్కేవాడు.

నిన్నొక్కదాన్నీ విడిగా తీస్తానంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. "నన్నెందుకు, పిల్లల్ని తీయండి" అని పక్కకు తప్పుకునేది. అందుకని ఆవిడ ఉన్నదల్లా ఆ ఫోటోల్లోనే. గడ్డం కింద రెండు వేళ్ళు, వెనక అద్దంలో సగం మొహం. ఆ పిల్లల తల్లులు తమకూ ఒక ప్రింటు కావాలంటే ఈయన సరే అని స్టూడియోకి పరిగెత్తేవాడు. "అడిగినవాళ్ళందరికీ పంచిపెడితే మనకేం మిగుల్తుంది?" అని ఆవిడ గొణిగేది.

రెండేళ్ళ కిందట జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన ఆవిడ ఇంటికి తిరిగి రాలేదు.

ఆ తర్వాత కూతురు తను పనిచేసే ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటరొకటి తెచ్చి సెలూన్లో వెనక గదిలో పెట్టింది. "ఇందులో విండోస్ బదులు లైనక్స్ వేశాను నాన్నా. పాత మెషినైనా హాయిగా నడుస్తుంది. అన్నీ తెలుగులోనే కనపడతాయి. నిన్నడక్కుండా ఏ పనీ చెయ్యదు" అంది. ఆ చివరి మాట ఆయనకు బాగా నచ్చింది. కార్డులో నిండిపోయిన ఫోటోలన్నీ తనే కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసి ఇచ్చింది. వైరు ఎక్కడ గుచ్చాలో, కెమెరా గుర్తు ఎక్కడ వస్తుందో, ఫోటోలన్నీ పట్టుకుని 'బొమ్మలు' అనే ఫోల్డర్లోకి ఎలా పంపాలో నేర్పింది. రోజూ షాపు తెరవగానే మామయ్య ఆ ఫోల్డర్ తీసి, ఆవిణ్ణి ఒకసారి చూసుకుని, అప్పుడు కత్తెర పట్టేవాడు.

కొన్నాళ్ళకు కార్డు మళ్ళీ నిండింది. దీనికి కూడా కూతుర్ని పిలవాలా అనుకుని ఆయన తనే కూర్చున్నాడు. వైరు గుచ్చాడు. కెమెరా గుర్తు వచ్చింది. ఫోటోలన్నీ పట్టుకుని పంపాడు. కంప్యూటర్ మర్యాదగా అడిగింది: ఈ పేరుతో ఒక ఫైలు ముందే ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టాలా?

ఎవరైనా అడిగితే కాదనడం ఆయన వల్ల కాదు. కింద చిన్న గడి పక్కన 'అన్నిటికీ ఇలాగే' అని ఉంది. పాపం, ఒక్కొక్క ఫోటోకీ ఎక్కడడుగుతుందిలే అని ఆ గడిలో కూడా టిక్కు పెట్టాడు.

మర్నాడు ఫోల్డర్ తెరిస్తే అన్నీ కొత్త పిల్లలే. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. పిల్లలున్నారు, చెక్క ఉంది, అద్దం ఉంది. ఆవిడ వేళ్ళు లేవు.

కూతురు ఆదరాబాదరా వచ్చింది. కాసేపు చూసి తల పట్టుకుంది. "కార్డు ఖాళీ చేసేసరికి కెమెరా మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలెట్టింది నాన్నా. పాతవాటికీ కొత్తవాటికీ అవే పేర్లు. కంప్యూటర్ నిన్నడగలేదా?"

"అడిగిందమ్మా."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

ఆమెకు కోపం నెత్తికెక్కింది. "అడిగితే మాత్రం అనెయ్యడమేనా" అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. పోయిన ఫోటోల్ని వెనక్కి లాగే ప్రోగ్రాం ఒకటుందంటూ సాయంత్రం దాకా తంటాలు పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. సగం చెవీ సగం గోడా ఉన్న ముక్కలు నాలుగు దొరికాయంతే.

"మీ అమ్మ నాకు అందులోనే కదమ్మా ఉంది" అన్నాడాయన.

ఆ వారమంతా కెమెరా సొరుగులోనే ఉంది. కిరాణా కొట్టు ఆవిడ కొడుకును కటింగుకు తీసుకొచ్చి, ఫోటో తియ్యవేం మామయ్యా అని నిలదీసింది. ఆయనకు అబద్ధం చెప్పడం కూడా రాదు, జరిగింది చెప్పేశాడు. ఆవిడ పిల్లాణ్ణి అలాగే సగం కటింగుతో కుర్చీలో వదిలేసి వెళ్ళిపోయింది. కాసేపటికి అద్దం ఫ్రేములోంచి ఊడదీసిన ఫోటో ఒకటి పట్టుకొచ్చింది. అదే పిల్లాడు, ఇంకా చిన్నప్పుడు. గడ్డం కింద రెండు వేళ్ళు. అద్దంలో మామయ్య భార్య.

కిరాణా కొట్టులో తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. మర్నాడు దర్జీ వచ్చాడు. కొరియర్ కుర్రాడు పర్సులో మడిచి దాచుకున్న తన చిన్నప్పటి ఫోటో తీసి ఇచ్చాడు. మీసాలొచ్చినవాడు, ఇస్తూ సిగ్గుపడ్డాడు. స్కూలు ఆయా తన ముగ్గురు మనవలవీ తెచ్చింది. మామయ్య అన్నిటినీ ఆ చెక్క మీద వరసగా పేర్చాడు. మనకేం మిగుల్తుందని ఆవిడ గొణిగేది కదా. పంచిపెట్టినవే మిగిలాయి.

సెలవు రోజున కూతురు వచ్చి, కార్డు మళ్ళీ ఖాళీ చేసి, ఆ ప్రింట్లన్నిటినీ అదే కెమెరాతో తిరిగి ఫోటోలు తీసింది. ఎవరి ప్రింటు వాళ్ళకు తిరిగిచ్చెయ్యాలి కదా. వైరు గుచ్చి, అన్నిటినీ 'బొమ్మలు' లోకి పంపింది. మామయ్య ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. కంప్యూటర్ అలవాటుగా అడిగింది: దాని స్థానంలో దీన్ని పెట్టాలా?

"వద్దు" అన్నాడు మామయ్య.

ఆ గొంతుకు కూతురు తిరిగి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు.

"వద్దమ్మా. కొత్త పిల్లల్ని కూడా తీసెయ్యొద్దు. వీటికి వేరే పేర్లు పెట్టి పక్కన పెట్టు. అందరూ ఉండాలి."

ఆమె అలాగే చేసింది. తెర మీద ఒక్కొక్క ఫోటో వచ్చి కూర్చుంది. ఆయన వంగి మొదటిదాన్ని పెద్దది చేశాడు. పిల్లాడు ఊపిరి బిగబట్టి ఉన్నాడు. వెనక అద్దంలో ఆవిడ నవ్వుతూ ఉంది.

"విన్నావా?" అని అడిగాడు.